ఇంగ్లీష్ "హార్ట్" జపనీస్‌లోకి: అన్నిచోట్లా కొకొరొ పెట్టేస్తే సరిపోతుందా?

కొండపల్లి_బొమ్మ

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో చేస్తున్నా, మాకు జపాన్ క్లయింట్లు ఉన్నారు. ఆఫీసులో జపనీస్ కాస్తో కూస్తో వచ్చింది నాకొక్కదానికే (జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్3 స్థాయి అయింది, డిసెంబర్‌లో దాని పైది ఎన్2 రాస్తున్నా), అందుకని జపాన్‌కి వెళ్ళే ఏ కాగితమైనా నా టేబుల్ మీదకే వస్తుంది. ఇప్పుడు కంపెనీ వార్షికోత్సవానికి మా డైరెక్టర్ గారు ఇంగ్లీష్‌లో ఒక ఉత్తరం రాశారు, దాన్ని జపనీస్‌లో పెట్టాలి. ఉత్తరం చాలా బాగుంది, మనస్ఫూర్తిగా రాశారు, కానీ ఆయనకి హార్ట్ అనే మాట ఇష్టమేమో ప్రతి పేరాలో అదే ఉంది.

"ఫ్రమ్ ద బాటమ్ ఆఫ్ అవర్ హార్ట్స్" థ్యాంక్స్ చెప్తున్నాం అని మొదలవుతుంది. తర్వాత మా ఆఫీస్ "ఇన్ ద హార్ట్ ఆఫ్ హైదరాబాద్" ఉంది అని, మా ఉద్యోగులే కంపెనీకి "హార్ట్" అని, 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కూడా "వుయ్ డిడ్ నాట్ లూజ్ హార్ట్" అని, మొదట్లో వద్దన్న క్లయింట్‌తో "హార్ట్ టు హార్ట్ టాక్" జరిగాక వాళ్ళకి "చేంజ్ ఆఫ్ హార్ట్" వచ్చిందని, మా సర్వీస్ టీమ్‌కి మాన్యువల్ అంతా "బై హార్ట్" వచ్చని. ఇంకోటి, ఈ ఉత్తరంతో సంబంధం లేనిది, క్లయింట్ వైపు మేనేజర్ గారి నాన్నగారు ఈమధ్యే పోయారు, ఆయనకి "అవర్ హార్ట్స్ గో అవుట్ టు యూ" అని ఒక మెయిల్ వెళ్ళాలి.

డిక్షనరీ తెరిస్తే హార్ట్‌కి మొదట కొకొరొ, తర్వాత షిన్‌జో, మునె, హాతొ, ఇంకా కిందకి వెళ్తే చూషిన్, కకుషిన్ అని చాంతాడంత లిస్ట్ ఉంది. ఎక్కడ ఏది వాడాలో ఒక పద్ధతి ఏమైనా ఉందా, లేకపోతే ఒక్కోటీ విడివిడిగా బట్టీ పట్టాల్సిందేనా? ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

---

గోదారి_గట్టు

కొకొరొ పెట్టేయండి, తొంభై శాతం చోట్ల అర్థమైపోతుంది. మిగిలినవి మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి చూసుకోండి, ఇప్పుడు అవి బాగానే ఇస్తున్నాయి. "ఫ్రమ్ ద బాటమ్ ఆఫ్ హార్ట్"కి అయితే కొకొరొ నొ సొకొ కర అని అచ్చంగా ఉంది, సొకొ అంటే అడుగు, మాటకి మాట సరిపోతుంది.

---

ఎదొగావా_కాకినాడ

కొండపల్లి గారూ, నేను తోక్యోలో ఎదొగావా వైపు ఉంటా, ఇంగ్లీష్ నుంచి జపనీస్‌కి టెక్నికల్ డాక్యుమెంట్లు చేసే టీమ్‌లో పని. పైన గోదారి_గట్టు గారు చెప్పింది ఒక్క వాక్యానికే సరిపోతుంది, మిగతా వాటికి మాత్రం కాదు. మీ డైరెక్టర్ గారు మనసు పెట్టి రాసిన ఉత్తరం అంటున్నారు కాబట్టి అది అక్కడ చదివేవాళ్ళకి కూడా అలాగే తగలాలి, అర్థమైతే చాలు అనుకునే రకం కాదు ఇది.

ముందు మీరడిగిన పద్ధతి గురించి. ఇంగ్లీష్‌లో హార్ట్ అనే ఒక్క మాట మోసే బరువుని జపనీస్‌లో చాలామంది పంచుకుంటారు. కొకొరొ అంటే మనసు, మునె అంటే రొమ్ము, ఎద, కి అంటే ఉత్సాహం మూడ్ ధ్యాస అన్నీ కలిసిన ఊపిరి లాంటిది, హర అంటే కడుపు, కిమొ అంటే కాలేయం, షిన్‌జో అంటే డాక్టర్ చూసే గుండె. హాతొ అనేది చీటీ పేకలో ఆఠీన్‌కీ, వాలెంటైన్స్ డే చాక్లెట్ ఆకారానికీ. ఇంగ్లీష్ వాక్యం చూడగానే హార్ట్ అనే మాటని వెతక్కుండా "ఇదే సంగతి మా ఇంట్లో తెలుగులో ఎలా అంటారు" అని అడిగి చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఎందుకంటే మనం కూడా పంచుకునే వాళ్ళమే. మనకి గుండె వేరు, మనసు వేరు, ఎద వేరు, కడుపు వేరు. "చేంజ్ ఆఫ్ హార్ట్" అంటే ఏ తెలుగువాడూ గుండె మారింది అనడు, మనసు మారింది అంటాడు. "లెర్న్ బై హార్ట్"కి గుండెతో నేర్చుకోవడం అనం, కంఠతా పట్టడం, నోటికి రావడం అంటాం. కాబట్టి ఇంగ్లీష్ నుంచి నేరుగా దూకితే పడే గుంటల్లో చాలావాటిని తెలుగు మీదుగా వెళ్తే తప్పించుకోవచ్చు.

కొన్ని అయితే చూస్తే ముచ్చటేస్తుంది, అంత దగ్గరగా ఉంటాయి. గుండె మీద చెయ్యేసుకుని చెప్పు అంటాం కదా, వాళ్ళు మునె ని తె ఒ అతెతె కంగఎరు అంటారు, ఎద మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించు అని, అంటే నిజాయితీగా నిన్ను నువ్వే అడుగు అని. ఆనందంతో గుండె నిండిపోయింది అనేదానికి మునె గ ఇప్పై. బాధతో గుండె పగిలింది అనేదానికి మునె గ హరిసకెరు. మనం గుండె రాయి చేసుకుని పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వచ్చాం అంటామే, దానికి వాళ్ళ మాట కొకొరొ ఒ ఒని ని సురు, మనసుని రాక్షసుణ్ణి చేసుకోవడం. లోపల ప్రేమ ఉండి, ఎదుటివాళ్ళ మేలు కోసమే కఠినంగా ఉన్నప్పుడు మాత్రమే వాడతారు. తెలుగులో పెరిగిన మనిషికి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక మీ వాక్యాలు. "బాటమ్ ఆఫ్ అవర్ హార్ట్స్"కి కొకొరొ నొ సొకొ కర తప్పు కాదు గానీ అది స్టేజీ మీద కన్నీళ్ళతో చెప్పే ధాటి, కంపెనీ ఉత్తరంలో రాసేది కొకొరొ యొరి కన్ష మోషిఅగెమసు. రెండూ "నుంచి" అనే మాటలే గానీ కర కంటే యొరి పెద్దరికం ఉన్న మాట, రాతలో బాగుంటుంది. "హార్ట్ ఆఫ్ హైదరాబాద్"కి చూషింబు, నడిబొడ్డు అన్నమాట, మనం బొడ్డు అంటున్నాం, వాళ్ళు చూషింబులో "షిన్" అని హృదయాన్నే పెట్టుకున్నారు కానీ అది విన్నప్పుడు ఎవరికీ గుండె గుర్తు రాదు. ఉద్యోగులే కంపెనీకి హార్ట్ అన్నదానికి కొకొరొ అసలు వద్దు, షిన్‌జో అయితే మరీ మెడికల్‌గా ఉంటుంది, కనమె అనే మాట వాడండి. విసనకర్ర మడతలన్నిటినీ పట్టి ఉంచే కింది మేకుని కనమె అంటారు, అది లేకపోతే విసనకర్ర పుల్లలు పుల్లలుగా ఊడిపోతుంది. ఉద్యోగుల గురించి మీ డైరెక్టర్ గారు అనుకున్నది సరిగ్గా ఇదే కదా.

"లూజ్ హార్ట్" దగ్గర కాస్త ఆగాలి. కి ఒ ఒతొసు అనే మాట ఉంది, కానీ అది ఎక్కువగా ఎదుటివాళ్ళని ఓదార్చేటప్పుడు, కి ఒ ఒతొసనైదె అని, డీలా పడకండి అని చెప్పడానికి. మా కంపెనీ డీలా పడలేదు అని మన గురించి మనం చెప్పుకునేటప్పుడు కెష్షితె అకిరమెమసెన్ దెషిత, పట్టు వదల్లేదు అని రాస్తే సూటిగా నిలబడుతుంది. అందులో గుండె లేదు మనసు లేదు, ఫర్వాలేదు.

"హార్ట్ టు హార్ట్"కి పుస్తకాల్లో హర ఒ వత్తె హనసు అని ఉంటుంది, కడుపు చీల్చుకుని మాట్లాడటం. మంచి మాట, నాకు చాలా ఇష్టం. కానీ అది ఇద్దరు మనుషులు ఆఫీసు అయ్యాక కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకునే వాతావరణం, కస్టమర్‌కి వెళ్ళే ఉత్తరంలో మనమే అనేస్తే చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. సొచ్చొకు న గొఇకెన్ ఒ ఇతదకి అని, మీ సూటి అభిప్రాయం మాకు దక్కింది అని రాయండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది "చేంజ్ ఆఫ్ హార్ట్". డిక్షనరీలో కొకొరొగవరి అని కనపడుతుంది, మాటకి మాట మనసు మారడమే, కానీ జపనీస్ మనిషి చెవికి అది ప్రేమించినవాళ్ళని వదిలేసి ఇంకొకరి వైపు వెళ్ళడం. క్లయింట్‌కి కొకొరొగవరి వచ్చింది అని రాస్తే వాళ్ళని నిలకడ లేనివాళ్ళు అన్నట్టే. కైషిన్ అని ఇంకోటి ఉంది, అది దొంగ మారి మంచివాడవడం, అదీ వద్దు. కి గ కవరు అంటే మూడ్ మారింది అని, అది పెద్దవాళ్ళ గురించి అనరు. గొసైకో ఇతదకి, మళ్ళీ ఆలోచించినందుకు అని రాస్తే మర్యాదగా ఉంటుంది.

"బై హార్ట్"కి అంకి అనే మాట పరీక్షల బట్టీ వాసన కొడుతుంది. మెచ్చుకోలుగా చెప్పాలంటే జుకుచి షితె ఇరు, ఆనుపానులన్నీ తెలుసు అని. మామూలు మాటల్లో అయితే అతమ ని హైత్తె ఇరు, తలకెక్కి ఉంది అని.

సంతాపం మెయిల్ గురించి విడిగా రాస్తా, అది తొందరపడి రాసేది కాదు.

---

కైగొ_అక్క

నేను ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో కైగొ పని చేస్తున్నా, కంపెనీ ఉత్తరాల సంగతి నాకు తెలీదు గానీ హార్ట్ అనే మాట ఆస్పత్రిలో ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే ఇక్కడ మాట మారితే మనిషి ప్రాణం మీదకి రావచ్చు.

పెద్దవాళ్ళు కొకొరొ గ ఇతై అంటే వాళ్ళకి ఏదో విషయంలో మనసు నొప్పిగా ఉంది అని, పక్కన కూర్చుని మాట్లాడాలి. మునె గ ఇతై, మునె గ కురుషీ అంటే ఛాతీ నొప్పి, ఛాతీ బిగదీసినట్టు ఉంది అని, వెంటనే నర్స్‌ని పిలవాలి. షిమెత్సుకెరరెరు అనే మాట వినపడితే, అంటే నొక్కేసినట్టు బిగించేసినట్టు అని, ఇంకా తొందరగా పరిగెత్తాలి. హార్ట్ ఎటాక్‌ని మామూలుగా షిన్‌జో హొస్స అంటారు, డాక్టర్లు రాసేది షింకిన్ కోసొకు. అంబులెన్స్‌కి 119 చేస్తే ముందు అడిగేది కజి దెసు క, క్యూక్యూ దెసు క అని, అగ్నిప్రమాదమా ఎమర్జెన్సీ వైద్యమా అని, ఎందుకంటే రెండిటికీ ఒకటే నెంబర్. క్యూక్యూ దెసు అని చెప్పాలి. జపాన్‌లో ఉండే తెలుగువాళ్ళు, ముఖ్యంగా అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్ళు ఈ నాలుగు మాటలూ ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఇంకో ముఖ్యమైనది. ఆస్పత్రి బోర్డు మీద "షిన్" అనే అక్షరం, అదే కొకొరొ అక్షరం, చూసి గుండె డాక్టర్ అనుకోకూడదు. షిన్‌ర్యో నైక అని ఉంటుంది, అది స్ట్రెస్ వల్ల ఒంట్లో వచ్చే ఇబ్బందులు చూసే విభాగం, నిద్ర పట్టకపోవడం, టెన్షన్‌తో కడుపునొప్పి లాంటివి. గుండె జబ్బుకి వెళ్ళాల్సింది జుంకంకి నైక, పేరులో గుండే లేదు, రక్తప్రసరణ అని ఉంటుంది. కానీ ఈసీజీ పేరు మళ్ళీ షిందెన్‌జు, హార్ట్ ఫెయిల్యూర్ షింఫుజెన్, అక్కడ అదే షిన్ అవయవమే. రెండు వైపులా వాడతారు కాబట్టి అక్షరాన్ని నమ్మకుండా మొత్తం మాటని నేర్చుకోవాలి.

ఇంగ్లీష్‌లో హార్ట్‌బర్న్ అంటారే, గుండెకి సంబంధం లేని ఎసిడిటీ, దాన్ని మునెయకె అంటారు, ఛాతీ కాలడం. మనం గుండెల్లో మంట అంటాం కదా. దాన్ని తర్జుమా చేసి షిన్‌జో మండుతోంది అని చెప్తే డాక్టర్ కంగారు పడతారు.

---

వరంగల్_కంజి

అక్కా చాలా పనికొచ్చేది చెప్పారు, సేవ్ చేసుకున్నా.

నాకు కంజి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, పిచ్చి కాబట్టి ఆ అక్షరం గురించి కొంచెం. నాలుగే గీతలు, గుండె బొమ్మ నుంచే పుట్టిన అక్షరం. విడిగా ఉంటే కొకొరొ అని చదువుతాం, చైనా నుంచి వచ్చిన జంట మాటల్లో షిన్ అని. షింపై అంటే దిగులు, అన్షిన్ అంటే నిశ్చింత, నెష్షిన్ అంటే శ్రద్ధ, వేడి మనసు అని రాస్తారు. వేరే అక్షరాల్లో కూడా దూరి ఉంటుంది, ఓర్చుకోవడం అనే అక్షరంలో పైన కత్తి అంచు, కింద మనసు, నింజాలో నిన్ అదే. మర్చిపోవడం, బిజీగా ఉండటం అనే రెండు అక్షరాల్లోనూ ఉన్నది అవే రెండు ముక్కలు, మనసు, నశించడం, ఒకదాంట్లో కింద ఒకదాంట్లో పక్కన. ఈ రెండూ ఒకసారి పక్కపక్కన రాసుకుంటే ఇక కలగాపులగం అవ్వవు.

ఇంకో సంగతి, కొకొరొ ముందు ఇంకో మాట చేరితే గొకొరొ అవుతుంది. మ అనే నిజం చేరితే మగొకొరొ, నిష్కల్మషం. ఒయ అనే తల్లిదండ్రులు చేరితే ఒయగొకొరొ, కన్నవాళ్ళ మనసు. జపనీస్ క్లాసుల్లో రెందకు అని పెద్ద టాపిక్‌గా చెప్తారు, మిగతా స్టూడెంట్లు ఆశ్చర్యపోతారు, కానీ తల్లి తండ్రి కలిపి తల్లిదండ్రులు, అన్న తమ్ముడు కలిపి అన్నదమ్ములు అంటూ పెరిగిన మనకి అది గసడదవాదేశ సంధికి చుట్టం. క గ అవుతుంది, త ద అవుతుంది. అక్కడ అన్ని మాటలకీ జరగదు, నియమాలు వేరే ఉన్నాయి, కానీ చెవికి మాత్రం కొత్త కాదు. మన లిపిలో ఎ ఏ, ఒ ఓ విడివిడిగా ఉండటం కూడా పెద్ద వరం, కొకొరొలో మూడూ పొట్టివే అని తెలుగులో రాసుకుంటే వెంటనే తెలుస్తుంది, హిందీ ఫ్రెండ్స్‌కి ఆ సౌకర్యం లేదు.

హృదయం అనే మన మాట కూడా అక్కడ ఉంది తెలుసా. జపాన్‌లో జెన్, షింగొన్, తెందై అనే బౌద్ధ శాఖల గుళ్ళల్లో రోజూ చదివే హన్న్య షింగ్యో అనే సూత్రం సంస్కృతంలో ప్రజ్ఞాపారమితా హృదయం. ఆ "షిన్" మన హృదయమే, సారం అనే అర్థంలో. అక్కడ చదివే పాఠం 7వ శతాబ్దపు హ్యుయాన్‌త్సాంగ్ పేరు మీద ఉంది, మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన ఆయనే. కాబట్టి "హార్ట్ ఆఫ్ ద మ్యాటర్" అనే ఇంగ్లీష్ మాటకి కకుషిన్ అని జపనీస్‌లో వస్తే అందులో షిన్ ఎందుకుందా అని అనుకోవద్దు, హృదయం అంటే సారం అనే వాడుక చాలా పాతది.

కొకొరొ ఇంగ్లీష్‌లోకి వెళ్ళడం కూడా అంతే కష్టం. నత్సుమె సోసెకి 1914లో రాసిన నవల పేరు కొకొరొ, ఇంగ్లీష్‌లోకి తెచ్చినప్పుడు పేరు మార్చకుండా కొకొరొ అనే ఉంచారు.

---

ఒంగోలు_ఓసాకా

ఎదొగావా అన్నా, తెలుగు మీదుగా వెళ్ళమని మీరు చెప్పిన పద్ధతిని నేను సగమే ఒప్పుకుంటా. మొదలుపెట్టడానికి మంచిదే, కానీ దగ్గరగా ఉన్నవే ఎక్కువ ముంచుతాయి. ఉదాహరణకి కొకొరొ గ ఒరెరు. ఒరెరు అంటే కర్ర విరిగినట్టు విరగడం. తెలుగులో మనసు విరిగిపోయింది అంటే ఒక మనిషి మీద ఇక ప్రేమ, నమ్మకం లేవు అని. జపనీస్‌లో ఇక నా వల్ల కాదు, ఓపిక చచ్చిపోయింది, వదిలేస్తున్నా అని. మారథాన్ మధ్యలో, ఎన్ని సార్లు చేసినా ఎర్రర్ వచ్చే కోడ్ ముందు కూడా కొకొరొ గ ఒరెరు. ఇంగ్లీష్ బ్రోకెన్ హార్ట్ కూడా అది కాదు, ప్రేమ విఫలమైతే షిత్సురెన్, వాళ్ళే వదిలేస్తే ఫురరెరు. అంటే మూడు భాషల్లోనూ మనసు విరుగుతుంది, మూడు చోట్లా సంగతి వేరు.

కడుపు సంగతీ అంతే. కడుపు మంట అంటే మనకి అసూయ. హర గ తత్సు అంటే కోపం, అసూయ కాదు. అసూయకి యకిమొచి ఒ యకు, అప్పం కాల్చడం అంటారు. మనం ఒక తప్పుని కడుపులో పెట్టుకోమని అడుగుతాం, జపనీస్‌లో హర ని సుఎకనెరు అంటే కోపం ఆపుకోలేకపోవడం, మన్నింపుకి హర రాదు. కానీ పెద్ద మనసు అనేదానికి ఫుతొప్పర, లావు కడుపు, ఖర్చు దగ్గర వెనకాడనివాడు. ఓర్పున్న పెద్ద మనసు అయితే కొకొరొ గ హిరొయ్. అదే హరగురొయ్ అంటే లోపల కుట్ర పెట్టుకున్నవాడు.

ఒక్కటి మాత్రం ఎవరూ అనకూడనిది, గుండె ధైర్యం ఉన్న మనిషి అని పొగడాలనుకుని షిన్‌జో గ త్సుయొయ్ అనడం. అది బెరుకు లేదు, సిగ్గు లేదు అన్నట్టు పోతుంది. ఇంకా ముదిరితే షిన్‌జో ని కె గ హఎతె ఇరు అంటారు, గుండెకి వెంట్రుకలు మొలిచాయి అని. పొగడాలంటే కిమొ గ సువత్తె ఇరు, కాలేయం కుదురుగా కూర్చుంది అని. ధైర్యం వాళ్ళకి కాలేయంలో ఉంది, భయపడితే కిమొ ఒ హియసు, కాలేయం చల్లబడుతుంది, వేసవి రాత్రి పిల్లలు శ్మశానం దాకా వెళ్ళి వచ్చే ఆట పేరు కిమొదమెషి.

అలాగే కొన్నిచోట్ల ఏ అవయవమూ వద్దు. "ఐ డిడ్ నాట్ హావ్ ద హార్ట్ టు టెల్ హిమ్" అనేదానికి తొతెమొ ఇఎనకత్త, అసలు నోరు రాలేదు అన్నట్టు. "హిజ్ హార్ట్ ఈజ్ ఇన్ ద రైట్ ప్లేస్"కి నె వ ఈ హితొ, వేరు మంచిది అని. మన దగ్గర కూడా పైకి అలా ఉంటాడు గానీ మనిషి మంచోడే అంటాం, గుండె ఊసే ఎత్తం. అందుకే నేను అడిగేది, ఆ వాక్యం ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారు అని, తెలుగు మాట కూడా అప్పుడే పనికొస్తుంది.

---

ఎదొగావా_కాకినాడ

ఒంగోలు బ్రదర్, ఒరెరు గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం, తెలుగు మాటని దారి అడగడానికి వాడుకోవాలి, చేరాక ఊరి పేరు మళ్ళీ సరి చూసుకోవాలి. నేను దాన్ని అంత గట్టిగా రాసి ఉండాల్సింది కాదు అని మీరు అనొచ్చు కానీ మొదటి అడుగుకి ఇంగ్లీష్ కంటే తెలుగే మేలు అనే మాట మీద నేను ఇప్పటికీ నిలబడతా. ఒక్క చోట అయితే తెలుగుకి సాటి లేదు, అది చప్పుడు మాటలు. "మై హార్ట్ స్కిప్ట్ ఎ బీట్"ని తీసుకుని గుండె ఒక దెబ్బ దాటేసింది అని ఎవరైనా జపనీస్‌లో రాస్తే చదివేవాళ్ళు ఆగిపోతారు, మనం ఝల్లుమంది అంటాం, వాళ్ళు దొకిత్తొ షిత అంటారు. గుండె దడదడ, మునె గ దొకిదొకి. సంబరంగా ఎదురుచూస్తే వకువకు, సినిమాలో హీరో కొండ అంచున వేలాడుతుంటే హరహర, తప్పు దొరికిపోయినప్పుడు లోపల ఉలిక్కిపడితే గికుత్తొ, మంచి మాట విని కళ్ళు చెమరుస్తుంటే జీన్‌తొ. ఇంగ్లీష్‌లో హార్ట్ పక్కన ఒక క్రియ పెట్టి చెప్పేవన్నీ చాలావరకు ఈ చప్పుళ్ళలోకి వెళ్ళిపోతాయి, చప్పుడుతో బాధనీ సంబరాన్నీ చెప్పడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

---

కొండపల్లి_బొమ్మ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, కైగొ_అక్క గారి పోస్ట్ మా కజిన్‌కి పంపించా, వాళ్ళ అమ్మగారు ఇప్పుడు అక్కడే ఉన్నారు. ఉత్తరం ఇలా మార్చా: మొదటి లైన్ కొకొరొ యొరి, ఆఫీస్ చూషింబు, ఉద్యోగులకి కనమె, లాక్‌డౌన్‌కి అకిరమెమసెన్ దెషిత, క్లయింట్‌కి గొసైకో, టీమ్‌కి జుకుచి. మొత్తం ఉత్తరంలో కొకొరొ ఒక్కసారే మిగిలింది, అది మా డైరెక్టర్ గారికి చూపిస్తే హార్ట్ ఎక్కడ పోయింది అని అడుగుతారేమో, చివర్లో ఇంకోసారి పెట్టడానికి చోటుందా? సంతాపం మెయిల్ గురించి కూడా చెప్తానన్నారు ఎదొగావా గారూ.

---

ఎదొగావా_కాకినాడ

చివర్లో పెట్టొచ్చు, మా ఉత్పత్తులు కొకొరొ ఒ కొమెతె తయారు చేస్తాం అని, మనసు నింపి చేస్తాం అని. వంటకి, చేతి పనికి, ఉత్తరానికి అన్నిటికీ వాడే మాట, ఫ్యాక్టరీ ఉత్తరంలో చక్కగా ఇముడుతుంది, ఆయన కూడా సంతోషిస్తారు.

సంతాపానికి: "అవర్ హార్ట్స్ గో అవుట్ టు యూ"ని మాట మాట దింపొద్దు. చావుకి చెప్పేది కొకొరొ యొరి ఒకుయమి మోషిఅగెమసు. ఒంట్లో బాగాలేకపోయినా, భూకంపం వరదల్లాంటివి వచ్చినా చెప్పేది కొకొరొ యొరి ఒమిమై మోషిఅగెమసు. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకే వాక్యం నడుస్తుంది, ఇక్కడ తారుమారైతే బతికున్న మనిషికి సంతాపం చెప్పినట్టు అవుతుంది, కాబట్టి పంపేముందు ఒకసారి చూసుకోండి. ఆయన నాన్నగారిని ఒతోసన్ అని కాకుండా గొసొంపు సమ అని రాయాలి. మొదటి వాక్యం గొసొంపు సమ నొ గొసెఇక్యొ నొ హో ని సెష్షి అని మొదలుపెడితే, వార్త తెలిసి అని, తర్వాత ఒకుయమి వాక్యం వస్తుంది. మామూలు ఉత్తరాల్లో పెట్టే వాతావరణం పలకరింపు, ఎలా ఉన్నారు అనేవి ఇందులో ఉండవు. కసనెగసనె, తబితబి లాంటి జంట మాటలు వాడకూడదు, కష్టం మళ్ళీ మళ్ళీ వస్తుందనే ధ్వని ఉంటుందని వాళ్ళకి పట్టింపు. పొట్టిగా ఉంటే చాలు, జవాబు అక్కర్లేదు అని చివర్లో ఒక ముక్క రాస్తే ఆయనకి భారం తగ్గుతుంది.

వార్షికోత్సవం ఉత్తరాన్ని, దీన్ని ఒకే మెయిల్‌లో కలపకండి, ఒకే రోజు కూడా పంపకండి, ఇది ముందు వెళ్ళాలి. ఇంకోటి, మీ కంపెనీ జనవరికి నెంగజో, అంటే కొత్త సంవత్సరం శుభాకాంక్షల కార్డులు పంపే అలవాటు ఉంటే ఈసారి ఆయన పేరు లిస్ట్ నుంచి తీసేయండి, ఇంట్లో మనిషి పోయిన ఏడాది వాళ్ళు మొచూలో, అంటే సంతాప కాలంలో ఉంటారు, శుభాకాంక్షలు ఇవ్వరు, పుచ్చుకోరు. దాని బదులు జనవరి 7 దాటాక, ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే రిష్షున్ (వసంతం మొదలయ్యే రోజు) లోపల కంచూ మిమై అని చలికాలపు పలకరింపు కార్డు ఒకటి ఉంటుంది, అది పంపండి. అందులో ఒమెదెతో, శుభాకాంక్షలు అనే మాట రాకుండా, చలిలో ఆరోగ్యం జాగ్రత్త అని రాస్తే సరిపోతుంది. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, కంపెనీ పేర్లు తీసేసి, చూసి చెప్తా.